గాయాల పిచర్‌ని ట్రేడ్‌లో తెచ్చుకోవాలా? అవసరం ఎక్కువున్న టీమే తెచ్చుకోకూడదంటాను

బేస్‌బాల్ పిచ్చి ఉన్న ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇదీ. (పిచర్ అంటే బ్యాటర్‌కి బాల్ విసిరేవాడు, ట్రేడ్ అంటే టీమ్‌లు ఆటగాళ్ళని ఇచ్చిపుచ్చుకోవడం.) వాళ్ళ టీమ్‌కి గట్టిగా చెప్పుకోదగ్గ స్టార్టింగ్ పిచర్లు (మ్యాచ్ మొదలుపెట్టేవాళ్ళు, ఐదు రోజులకోసారి వేస్తారు) ఇద్దరే, ఏటా ప్లేఆఫ్స్‌ గడప దాకా వెళ్ళి ఆగిపోతున్నారు. బాల్ వేస్తే ఎవడూ ముట్టుకోలేనంత బాగా వేసే, కానీ ఏడాదిలో సగం ఇంజురీ లిస్ట్‌లోనే ఉండే పిచర్ ఒకడు ట్రేడ్‌లో దొరికేలా ఉంటే, ఇద్దరు ముగ్గురు మంచి కుర్రాళ్ళని ఇచ్చేసి తెచ్చుకోవచ్చా? లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ టైలర్ గ్లాస్‌నౌ అనే పిచర్‌ని అలాగే తెచ్చుకుని వరసగా రెండు టైటిల్స్ కొట్టారు కదా, మనమెందుకు చేయకూడదు?

అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమీ అనుకోకు. ముందు సూటిగా చెప్పేస్తా. అలాంటి పిచర్‌ని కొనడం తప్పు కాదు, చాలాసార్లు మంచి బేరమే, కానీ నువ్వు చెప్పిన టీమ్ మాత్రం కొనకూడదు. ఇద్దరే స్టార్టర్లున్న టీమ్‌కి ఆ మూడోవాడి అవసరం ఎంత ఉందో నాకు తెలుసు, అసలు ఆ అవసరమే ఇక్కడ ప్రమాదం. ఇలాంటి పిచర్ లేకపోయినా బండి నడుస్తుంది అనుకునే టీమ్ కొనాలి, వాడు లేకపోతే బండి ఆగిపోతుంది అనుకునే టీమ్ కొనకూడదు. వినడానికి తలకిందులుగా ఉంటుంది గానీ గత పదేళ్ళ ట్రేడ్లు ఒక్కొక్కటీ తీసి చూస్తే ఇదే కనపడుతుంది, ఎందుకో ఓపిగ్గా చెప్తా.

నా సంగతి రెండు ముక్కల్లో. నేను డాలస్ దగ్గర ఫిజికల్ థెరపిస్ట్‌ని, పద్దెనిమిదేళ్ళ నుంచి ఇదే పని, నా టేబుల్ మీద పడుకునేవాళ్ళలో ఎక్కువమంది స్కూల్లో కాలేజీలో బాల్ విసిరే పిల్లలు. మేజర్ లీగ్ (ఎంఎల్‌బీ, అమెరికాలో అన్నిటికంటే పెద్ద బేస్‌బాల్ లీగ్) ప్లేయర్లకి నేను ట్రీట్‌మెంట్ చేయలేదు, కానీ మోచెయ్యి మోచెయ్యే, భుజం భుజమే, అది ఎవరిదైనా ఒకేలా అరుగుతుంది. మా టీమ్ టెక్సస్ రేంజర్స్ మ్యాచ్‌లు ఒక్కటి కూడా వదలకుండా చూస్తా.

మొదట ఆ "గాయాల పిచర్" అనే ముద్ర సంగతి చూద్దాం. ఈ రోజుల్లో గాయాలు లేని పిచర్ ఎవడు చెప్పు? 2024 సీజన్ మొత్తంలో 200 ఇన్నింగ్స్ (ఒక్కో ఇన్నింగ్స్ అంటే మూడు అవుట్లు తీయడం) అందుకున్నవాళ్ళు అన్ని టీమ్‌లూ కలిపి నలుగురే నలుగురు, లోగన్ గిల్బర్ట్, సెత్ లూగో, లోగన్ వెబ్, జాక్ వీలర్. ఒకప్పుడు ప్రతి టీమ్‌లో ఒకడో ఇద్దరో ఉండేవాళ్ళు. 2024 డిసెంబర్లో ఎంఎల్‌బీ వాళ్ళే పిచర్ల గాయాల మీద ఒక పెద్ద రిపోర్ట్ బయటపెట్టారు, 2005లో పిచర్లని ఇంజురీ లిస్ట్‌లో పెట్టింది 212 సార్లు అయితే 2024లో 485 సార్లు. కారణం కూడా అందులోనే చెప్పారు, ప్రతి బాల్‌నీ ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి వేయడం, ఇంకా స్పీడ్ ఇంకా స్పిన్ అని వెంటపడటం. 2008లో సగటు ఫాస్ట్‌బాల్ 91 మైళ్ళ చిల్లర స్పీడ్, ఇప్పుడు 94 దాటింది. అంటే ఆ స్పీడే వాణ్ణి స్టార్‌ని చేస్తోంది, ఆ స్పీడే వాడి మోచేతిని తినేస్తోంది. కాబట్టి "వీడు గాయాలవాడా కాదా" అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతే ఎవర్నీ కొనలేవు. అడగాల్సింది గాయం ఎక్కడ, ఎందుకు, ఎన్నోసారి అని.

మా తాత సంతలో ఎద్దుని కొనేటప్పుడు చూశా చిన్నప్పుడు. కుంటుతోంది అనగానే వదిలేసేవాడు కాదు, దగ్గరికెళ్ళి కాలెత్తి చూసేవాడు. గిట్టలో ముల్లు దిగితే అది రెండు రోజుల్లో పోయే కుంటు, ధర తగ్గించి తోలుకొచ్చేవాడు. మెడ మీద కాడి పుండు ఉంటే ఆలోచించేవాడు. భుజం దగ్గర నొక్కితే ఎద్దు పక్కకి జరిగిందా, ఇక ఊరికే ఇస్తామన్నా వద్దనేవాడు. పిచర్ విషయంలో కూడా నేను చేసేది అంతకంటే పెద్ద పనేం కాదు.

పోయినేడు వేసవిలో ఒక పదహారేళ్ళ అబ్బాయి వచ్చాడు, మన తెలుగువాళ్ళ పిల్లాడే. బాల్ బాగా వేస్తున్నాడు, వాళ్ళ నాన్న ఫోన్లో వీడియోలు కూడా చూపించాడు, కాకపోతే మూడో ఇన్నింగ్స్ దాటితే చెయ్యి పట్టేసినట్టు ఉంటోందంట. అబ్బాయి చూపించేది ముంజేతి కండ. పిల్లలందరూ అక్కడే చూపిస్తారు. నేను మోచెయ్యి కొంచెం వంచి, లోపలి వైపు ఎముక బొడిపె ఉంటుంది కదా, దానికి ఒక వేలు కింద బొటనవేలితో నొక్కి, రెండో చేత్తో వాడి బొటనవేలు పట్టుకుని మెల్లగా బయటికి లాగా. అప్పటిదాకా కబుర్లు చెప్తున్నవాడు ఠక్కున ఆగిపోయి ఊపిరి బిగబట్టాడు. నొప్పిగా ఉందా అంటే లేదు అంకుల్ అన్నాడు, కానీ కాళ్ళ వేళ్ళు ముడుచుకుపోయాయి. అక్కడే నాకు అర్థమైపోయింది. ఎంఆర్ఐ తీయిస్తే లిగమెంట్‌లో సగం చిరుగు.

ఆ లిగమెంట్‌నే యూసీఎల్ అంటారు, వేలెడు పొడుగు కూడా ఉండదు. చెయ్యి వెనక్కి వంగి ముందుకి దూసుకొచ్చే ఆ రెప్పపాటులో మోచెయ్యి లోపలి వైపు విచ్చుకుపోకుండా పట్టి ఉంచేది అదే. ముంజేతి కండలు దానికి సాయం చేస్తాయి, అవి అలిసిపోయాక భారమంతా లిగమెంట్ మీద పడుతుంది. అందుకే "ముంజెయ్యి బిగుసుకుంది, రెండు వారాలు రెస్ట్" అని టీమ్ ప్రకటన వచ్చినప్పుడల్లా నాకు గుండె దడదడలాడుతుంది. చాలాసార్లు ఆ కండ కింద ఉన్న అసలు సమస్య యూసీఎల్‌దే.

కానీ యూసీఎల్ తెగినంత మాత్రాన అంతా అయిపోయినట్టు కాదు. 1974లో డాడ్జర్స్ డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మొదటిసారి టామీ జాన్ అనే పిచర్‌కి ఆ ఆపరేషన్ చేశారు, ఒంట్లో ఇంకోచోటి నుంచి నరం లాంటి టెండన్ తీసి మోచేతిలో అల్లారు, ఆ తర్వాత టామీ జాన్ ఇంకో 164 మ్యాచ్‌లు గెలిచాడు. ఇప్పుడు దానికి ఆయన పేరే. ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది, మొదటిసారి చేయించుకున్నవాళ్ళలో ఎక్కువమంది తిరిగి ఆడతారు. రెండోసారి అయితే అవకాశం బాగా తగ్గుతుంది. కాబట్టి మోచేతి ఆపరేషన్ అయి రెండేళ్ళు దాటి, మళ్ళీ పాత స్పీడ్‌తో పూర్తి సీజన్ వేసిన పిచర్ అంటే నాకు భయం లేదు. ఆపరేషన్ కాకుండా "చిన్న చిరుగు, ఇంజెక్షన్‌తో మేనేజ్ చేస్తున్నాం" అనే పిచర్ అంటే చాలా భయం.

భుజం వేరే కథ. స్కూల్లో నిమ్మకాయ చెంచా పందెం ఆడేవాళ్ళం కదా, భుజం కీలు అచ్చం అలాగే ఉంటుంది. చిన్న చెంచాలాంటి గుంట, దాని మీద పెద్ద నిమ్మకాయలాంటి ఎముక గుండు, అది జారిపోకుండా చుట్టూ కండలు, లాబ్రమ్ (గుంట అంచున ఉండే మెత్తటి వలయం), క్యాప్సూల్ (కీలు చుట్టూ ఉండే సంచి) అన్నీ కలిసి పట్టుకుని ఉంటాయి. ఒక్క తాడు తెగితే ఒక్క తాడు అల్లి పని అయిందనుకోవచ్చు, ఇక్కడ ఏ తాడు వదులైందో కనిపెట్టడమే కష్టం. టామీ జాన్ లాగా ఒక నమ్మకమైన రిపేర్ భుజానికి లేదు. పిచర్ రిపోర్ట్‌లో మోచెయ్యి అని కనపడితే తేదీలు చూస్తా, భుజం అని రెండుసార్లు కనపడితే ఫైల్ మూసేస్తా.

ఇప్పుడు ట్రేడ్ల దగ్గరికి వద్దాం. క్రిస్ సేల్‌ది చూడు, నా దృష్టిలో ఈ మధ్యకాలంలో ఇంతకంటే తెలివైన కొనుగోలు లేదు. 2020 నుంచి 2023 దాకా నాలుగేళ్ళలో బోస్టన్ రెడ్ సాక్స్‌కి వాడు వేసింది మొత్తం 151 ఇన్నింగ్స్. పేపర్లో చూస్తే పనికిరాని సరుకు. కానీ విడదీసి చూడు. 2020లో టామీ జాన్, సరే అది చేతి అరుగుదల. 2022లో మొదట పక్కటెముక చిట్లింది, తర్వాత జులైలో న్యూయార్క్‌లో బ్యాటర్ కొట్టిన బాల్ నేరుగా వచ్చి చిటికెన వేలు విరగ్గొట్టింది, ఆ వేలు మానుతుండగా ఆగస్టులో సైకిల్ మీంచి పడి మణికట్టు విరిగింది. వేలు, మణికట్టు ఈ రెండూ బాల్ విసరడం వల్ల వచ్చినవి కావు, అవి గిట్టలో ముల్లు. 2023లో భుజం ఎముక దగ్గర కొంచెం ఇబ్బంది పడ్డాడు, అది నాకూ నచ్చలేదు, కానీ తిరిగొచ్చి సీజన్ చివర్లో స్పీడ్ తగ్గకుండా వేశాడు, 102 ఇన్నింగ్స్ చిల్లరలో 125 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైకులతో బ్యాటర్‌ని అవుట్ చేయడం). 2023 డిసెంబర్ 30న అట్లాంటా బ్రేవ్స్ వాణ్ణి తీసుకున్నారు, ఇచ్చింది వాన్ గ్రిసమ్ ఒక్కణ్ణే, పైగా జీతంలో 17 మిలియన్ డాలర్లు రెడ్ సాక్స్ వాళ్ళే భరించారు. 2024లో సేల్ 18 గెలుపులు 3 ఓటములు, 2.38 ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ ఖాతాలో పడే రన్ల సగటు, తక్కువైతే మంచిది), 225 స్ట్రైకౌట్లు, మూడింట్లోనూ నేషనల్ లీగ్‌లో ఫస్ట్, ఏడాదిలో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు. గ్రిసమ్ అదే ఏడు బోస్టన్‌కి 31 మ్యాచ్‌లు ఆడి .190 బ్యాటింగ్ సగటుతో, అంటే చాలా తక్కువగా కొట్టాడు.

ఇక్కడ అందరూ సేల్ చేతిని మెచ్చుకుంటారు, నేను మెచ్చుకునేది బ్రేవ్స్ అప్పటికి ఉన్న స్థితిని. 2023లో 104 మ్యాచ్‌లు గెలిచిన టీమ్ అది, స్పెన్సర్ స్ట్రైడర్, మాక్స్ ఫ్రీడ్, చార్లీ మోర్టన్ ముందే ఉన్నారు. సేల్‌ని నాలుగోవాడిగా తెచ్చుకున్నారు. 80 ఇన్నింగ్స్ వేసినా చాలు అన్నట్టు తెచ్చుకున్నారు. ఏప్రిల్లో స్ట్రైడర్ మోచెయ్యి పోయింది, అప్పుడు సేల్ పెద్దకొడుకులా నిలబడ్డాడు. సెప్టెంబర్ ఆఖర్లో మాత్రం సేల్ నడుం పట్టేసింది, ప్లేఆఫ్స్‌లో ఒక్క బాల్ కూడా వేయలేకపోయాడు, టీమ్ మొదటి రౌండ్‌లోనే ఇంటికొచ్చేసింది. సై యంగ్ కొట్టిన సంవత్సరంలో కూడా అక్టోబర్‌కి మనిషి లేడు, అది గుర్తుపెట్టుకో.

ఇక రెండో వైపు. 2022 ఆగస్టు మొదటి వారంలో జరిగిన ట్రేడ్లు నేను చాలామందికి పాఠంలా చెప్తుంటా. న్యూయార్క్ యాంకీస్ ఓక్లాండ్ నుంచి ఫ్రాంకీ మోంటాస్‌ని తెచ్చుకున్నారు. సరిగ్గా నెల ముందు, జులైలో, వాడు భుజం వాపుతో మ్యాచ్ మధ్యలో బయటికి వెళ్ళాడు. తిరిగొచ్చి రెండు మ్యాచ్‌లు వేశాడో లేదో, బాగైపోయింది అనుకుని నలుగురు కుర్రాళ్ళని ఇచ్చారు. యాంకీస్‌కి 8 మ్యాచ్‌లు వేసి 6.35 ఈఆర్ఏ, మళ్ళీ భుజం, మరుసటేడు ఫిబ్రవరిలో ఆపరేషన్, 2023 మొత్తంలో వేసింది ఒక ఇన్నింగ్స్, దాని మీద ఒక్క అవుట్. అటు ఇచ్చేసిన వాళ్ళలో జేపీ సియర్స్ ఓక్లాండ్‌కి 2023లో 32, 2024లో 32 మ్యాచ్‌లు మొదలుపెట్టాడు.

అదే వారంలో మిన్నెసోటా ట్విన్స్ సిన్సినాటి నుంచి టైలర్ మాలీని తెచ్చుకున్నారు. వాడూ జులైలో భుజం నొప్పితో ఇంజురీ లిస్ట్‌కి వెళ్ళొచ్చినవాడే. ట్విన్స్ అప్పుడు డివిజన్‌లో ముందున్నారు, స్టార్టర్లు మాత్రం కరువు, అచ్చం నువ్వు చెప్పిన పరిస్థితే. ఆగస్టు సగం గడిచేసరికి మాలీ స్పీడ్ పడిపోయి మ్యాచ్ మధ్యలో దిగిపోయాడు. ఆ ఏడు 4 మ్యాచ్‌లు, మరుసటేడు 5, ఆపైన టామీ జాన్, అంతే, మొత్తం తొమ్మిది. టీమ్ 78 గెలిచి 84 ఓడింది. ఇచ్చిన కుర్రాళ్ళలో స్పెన్సర్ స్టీర్ 2023లో రెడ్స్‌కి 23 హోమ్ రన్లు కొట్టాడు. ట్విన్స్ ఫ్యాన్స్‌ని చూస్తే నాకిప్పటికీ బాధేస్తుంది, వాళ్ళ ఆశ తప్పు కాదు, ఆ ఆశని పట్టుకుని నొప్పి ఉన్న భుజాన్ని కొనడం తప్పు.

ఇంకో సంగతి, చాలామంది మర్చిపోయింది. మోంటాస్‌ని తెచ్చుకున్న మర్నాడే యాంకీస్ జోర్డాన్ మాంట్‌గోమరీ అనే స్టార్టర్‌ని సెయింట్ లూయిస్‌కి ఇచ్చేశారు. మాంట్‌గోమరీకి 2018లో టామీ జాన్ అయింది, అదే మానిన మోచెయ్యితో 2021లో 30, 2022లో 32, 2023లో 32 మ్యాచ్‌లు వేశాడు. స్పీడ్ ఏమంత గొప్పగా ఉండదు, చూడ్డానికి మామూలు మనిషి, కానీ ఐదో రోజు రాగానే చెయ్యెత్తి నిలబడేవాడు. ఆ మాంట్‌గోమరీని 2023 జులై ఆఖర్లో మా రేంజర్స్ తెచ్చుకున్నారు. ఎందుకు తెచ్చుకోవాల్సి వచ్చిందంటే, ఆ ఏడు 185 మిలియన్ డాలర్ల కాంట్రాక్ట్ ఇచ్చి తెచ్చుకున్న జేకబ్ డిగ్రామ్ 6 మ్యాచ్‌లకే మోచెయ్యి పోయి జూన్‌లో రెండోసారి టామీ జాన్ చేయించుకున్నాడు కాబట్టి. అక్టోబర్ 3న టాంపా బే మీద మొదటి ప్లేఆఫ్ మ్యాచ్, నేను డ్యూటీ నుంచి తొందరగా వచ్చేసి చూశా, అవతల వేసింది ఎవరో కాదు, నీ గ్లాస్‌నౌ. మాంట్‌గోమరీ ఏడు ఇన్నింగ్స్ ఒక్క రన్ కూడా ఇవ్వలేదు. నెల తిరిగేసరికి రేంజర్స్‌కి చరిత్రలో మొదటి వరల్డ్ సిరీస్ టైటిల్, అంటే లీగ్ ఫైనల్ గెలుపు. మాంట్‌గోమరీ మోచెయ్యి కూడా 2025లో మళ్ళీ పోయింది, చేతులు అంతే. డిగ్రామ్ మాత్రం 2025లో 30 మ్యాచ్‌లు, 172 ఇన్నింగ్స్ పైన, 2.97 ఈఆర్ఏతో వేస్తుంటే మా ఇంట్లో అందరం పండగలా చూశాం. రెండో ఆపరేషన్ తర్వాత అలా రావడం చాలా అరుదు, దాన్ని లెక్కగా పెట్టుకుని ఇంకొకణ్ణి కొనకూడదు.

సరే, నీ ప్రశ్నకి ప్రాణం గ్లాస్‌నౌ కాబట్టి అక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుదాం. ఆరడుగుల ఎనిమిదంగుళాల మనిషి, చెయ్యి ఎంత ముందుకొస్తుందంటే బాల్ బ్యాటర్ మొహం మీదే వదిలినట్టు ఉంటుంది. 2019లో 12 మ్యాచ్‌లకి 1.78 ఈఆర్ఏ, మధ్యలో ముంజెయ్యి పట్టేసి నాలుగు నెలలు పోయాయి. 2021లో టామీ జాన్. 2023లో 120 ఇన్నింగ్స్ వేస్తే అదే అప్పటికి అతని జీవితంలో అన్నిటికంటే ఎక్కువ. 2024కి జీతం 25 మిలియన్ డాలర్లు, టాంపా బే లాంటి చిన్న బడ్జెట్ టీమ్‌కి అది చాలా పెద్ద మొత్తం. 2023 డిసెంబర్లో డాడ్జర్స్ రయాన్ పెపియోట్, జానీ డెలూకా అనే ఇద్దర్ని ఇచ్చి గ్లాస్‌నౌనీ మాన్యువల్ మార్గోనీ తీసుకున్నారు, వెంటనే గ్లాస్‌నౌకి ఐదేళ్ళకి 136.5 మిలియన్ల కాంట్రాక్ట్ ఇచ్చారు.

ఫలితం ఏంటి? 2024లో 134 ఇన్నింగ్స్, ఆగస్టులో మోచెయ్యి పట్టేసి సీజన్ అయిపోయింది, ఆ అక్టోబర్లో ఒక్క బాల్ వేయలేదు. డాడ్జర్స్ అయినా గెలిచారు. ఎలా గెలిచారంటే గ్లాస్‌నౌ వల్ల కాదు, జులైలో తెచ్చుకున్న జాక్ ఫ్లాహర్టీ, యమమోటో, బ్యూలర్, ఆ పైన బుల్‌పెన్‌లో (మ్యాచ్ మధ్యలో దిగే పిచర్లు) ఉన్న డజను చేతులు. ఫ్లాహర్టీ మెడికల్స్ (ఆరోగ్యం ఫైళ్ళు) చూసి యాంకీస్ వెనక్కి తగ్గారని అప్పట్లో వార్తలొచ్చాయి, వాడే వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్‌లో యాంకీస్ మీద బాల్ పట్టుకున్నాడు. 2025లో గ్లాస్‌నౌ భుజం వాపుతో రెండు నెలలకి పైగా బయటే, మొత్తం 90 ఇన్నింగ్స్. రెండేళ్ళూ కలిపితే 224. ఇటు టాంపాలో పెపియోట్ రెండేళ్ళకి దాదాపు 300 ఇన్నింగ్స్ వేశాడు, జీతం ఏడాదికి మిలియన్ డాలర్లు కూడా లేదు.

మరి డాడ్జర్స్ మోసపోయారా అంటే లేదు. 2025 అక్టోబర్ 31, టొరంటోలో బ్లూ జేస్ మీద వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్, ఓడితే కప్పు పోయినట్టే. తొమ్మిదో ఇన్నింగ్స్, డాడ్జర్స్ 3-1 ముందున్నారు, బ్లూ జేస్ వాళ్ళు రెండో బేస్ మీద ఒకడు మూడో బేస్ మీద ఒకడు, ఒక్క అవుట్ కూడా లేదు. అప్పుడు గ్లాస్‌నౌని పిలిచారు. మొదటి బాల్‌కే క్లెమెంట్ గాల్లోకి లేపి దొరికిపోయాడు. ఇంకో రెండు బాల్స్. హిమెనెజ్ కొట్టింది లెఫ్ట్‌లో కికే హెర్నాండెజ్ ముందుకి పరిగెత్తుకొచ్చి పట్టి రెండో బేస్‌కి విసిరాడు, డబుల్ ప్లే, అంటే ఒకే దెబ్బకి ఇద్దరు అవుట్, మ్యాచ్ అయిపోయింది. మూడంటే మూడు బాల్స్. మర్నాడు ఏడో మ్యాచ్‌లో కూడా వేశాడు, పదకొండు ఇన్నింగ్స్ ఆట, డాడ్జర్స్ 5-4. నేను సోఫా మీంచి లేచి నిలబడే చూశా ఆ రెండు రాత్రులూ.

ఆ మూడు బాల్స్ కోసం 136 మిలియన్లా అని అడగొచ్చు నువ్వు. డాడ్జర్స్‌కి అది కుదురుతుంది. వాళ్ళు 162 మ్యాచ్‌ల సీజన్ నెట్టుకురావడానికి గ్లాస్‌నౌని కొనలేదు, దానికి వేరే పది మంది ఉన్నారు. అక్టోబర్లో ఎవరి చెయ్యి బాగుంటే వాళ్ళు వేస్తారు, ఒక ఏడు గ్లాస్‌నౌ చెయ్యి బాగాలేదు, ఇంకో ఏడు బాగుంది. పది జతల ఎద్దులున్న మోతుబరి ఒక కుంటు ఎద్దుని కొన్నా దుక్కి ఆగదు, అది బాగుపడితే లాభం. ఒక్క జతతో సేద్యం చేసేవాడు అదే ఎద్దుని కొంటే తొలకరికి పొలం బీడే. నీ టీమ్ ఒక్క జత రైతు. మన క్రికెట్‌లో కూడా చూశాం కదా, 2022 వేలంలో ముంబై ఇండియన్స్ ఆ ఏడు ఆడడని తెలిసీ జోఫ్రా ఆర్చర్‌ని 8 కోట్లకి కొన్నారు, 2023లో బుమ్రా కూడా లేకుండా పోయాడు, ఆర్చర్ ఐదు మ్యాచ్‌లు ఆడి వెళ్ళిపోయాడు. ఇద్దరి మీదే ఆశ పెట్టుకుంటే అలాగే అవుతుంది.

మెడికల్స్ గురించి కూడా చెప్పాలి. ట్రేడ్ ఒప్పుకున్నాక ప్లేయర్ ఆరోగ్యం ఫైళ్ళు అవతలి డాక్టర్లు చూస్తారు, నచ్చకపోతే ఆపేయొచ్చు. కానీ ఫైల్లో రాయనిది ఎలా కనపడుతుంది? 2016 జులైలో శాన్ డియేగో పాడ్రెస్ కోలిన్ రే అనే పిచర్‌ని మయామీకి పంపారు, వచ్చిన మర్నాడే మొదటి మ్యాచ్‌లో నాలుగో ఇన్నింగ్స్‌లో మోచెయ్యి పట్టుకుని దిగిపోయాడు. రెండు రోజుల్లో మయామీ వాళ్ళు వాణ్ణి వెనక్కి పంపేసి, తాము ఇచ్చిన వాళ్ళలో లూయిస్ కాస్టియో అనే కుర్రాణ్ణి మళ్ళీ తెచ్చుకున్నారు, ఆ కాస్టియో తర్వాత ఎంత పెద్ద స్టార్ అయ్యాడో నీకు తెలుసు. అదే నెలలో బోస్టన్‌కి డ్రూ పామెరాంజ్‌ని ఇచ్చిన ట్రేడ్‌లో వైద్య సమాచారం పూర్తిగా ఇవ్వలేదని లీగ్ విచారించి పాడ్రెస్ జనరల్ మేనేజర్ ఏజే ప్రెల్లర్‌ని జీతం లేకుండా 30 రోజులు సస్పెండ్ చేసింది. ఆ ట్రేడ్‌లో బదులుగా శాన్ డియేగోకి వచ్చిన ఆండర్సన్ ఎస్పినోజా అనే కుర్రాడికి తర్వాత రెండుసార్లు టామీ జాన్ అయింది, కాబట్టి ప్రాస్పెక్ట్ (రేపు స్టార్ అవుతాడని ఆశ పెట్టుకున్న కుర్రాడు) అంటే గ్యారంటీ అనుకోవడం కూడా పొరపాటే. డెడ్‌లైన్ రోజు (సీజన్ మధ్యలో ట్రేడ్లకి ఆఖరి రోజు) గంటల్లో ఫైళ్ళు చూసి తేల్చాలి, అందుకే నేను గాయాల పిచర్‌ని డిసెంబర్లో కొనమంటా, జులైలో వద్దంటా. డిసెంబర్లో టైమ్ ఉంటుంది, చెయ్యి రెస్ట్ తీసుకుని ఉంటుంది, వాడు పోతే ఇంకొకణ్ణి చూసుకోడానికి మార్చి దాకా అవకాశం ఉంటుంది. సేల్, గ్లాస్‌నౌ ఇద్దరూ డిసెంబర్ ట్రేడ్లే, మోంటాస్, మాలీ డెడ్‌లైన్ ట్రేడ్లు. అదేదో కాకతాళీయం అనుకోను నేను.

ధర సంగతి. ఒక టీమ్ సీజన్‌కి దాదాపు 1450 ఇన్నింగ్స్ వేయాలి. ఇలాంటి పిచర్‌ని 180 ఇన్నింగ్స్ మనిషిలా చూసి ధర కట్టకు, గత మూడేళ్ళ సగటు తీసి, దాంట్లో ఇంకో పది పదిహేను తగ్గించి, సుమారు 100 అనుకుని ధర కట్టు. మిగతా 80 ఎవరు వేస్తారో పేరు రాసుకో, ట్రిపుల్ ఏలో (మేజర్స్‌కి ఒక మెట్టు కింది లీగ్) ఇప్పుడు వేస్తున్న కుర్రాడి పేరు. ఆ పేరు రాయలేకపోతున్నావంటే నువ్వు కొనే స్థితిలో లేవు. ఇంకా ఘోరం ఏంటంటే, చాలా టీమ్‌లు ఆ 80 ఇన్నింగ్స్ వేయాల్సిన కుర్రాణ్ణే ట్రేడ్‌లో ఇచ్చేస్తాయి, సియర్స్ విషయంలో జరిగింది అదే. ఇస్తే బ్యాటర్ ప్రాస్పెక్ట్‌ని ఇవ్వు, రేపో ఎల్లుండో మేజర్స్‌లో బాల్ పట్టుకోగల పిచర్‌ని ఇవ్వకు. డాడ్జర్స్ పెపియోట్‌ని ఇచ్చారు కదా అంటావేమో, వాళ్ళ దగ్గర అలాంటివాళ్ళు ఇంకా అరడజను మంది ఉన్నారు.

ఇదంతా విన్నాక కూడా మీవాళ్ళు కొనేలాగే ఉంటే, నువ్వు ఇంట్లో కూర్చునే చేయగలిగిన పని ఒకటుంది. ఆ పిచర్ ఆఖరి మూడు మ్యాచ్‌లు తీసుకో, ఫాస్ట్‌బాల్ స్పీడ్ మొదటి ఇన్నింగ్స్‌లో ఎంత, ఐదో ఇన్నింగ్స్‌లో ఎంత, ఒక కాయితం మీద రాయి, బేస్‌బాల్ సావంట్ అనే వెబ్‌సైట్‌లో బాల్ బాల్‌కీ ఉచితంగా దొరుకుతాయి ఈ అంకెలు. ఒక మైలు తగ్గడం మామూలే. రెండు తగ్గి, దాంతోపాటు స్లైడర్లు (పక్కకి తిరిగే బాల్స్) పోయిన నెలకంటే తక్కువ వేస్తూ, బాల్‌కీ బాల్‌కీ మధ్య వేళ్ళు విదిలిస్తూ ఉంటే మాత్రం వద్దు, ఎవరేం చెప్పినా వద్దు. మా దగ్గరికొచ్చిన అబ్బాయి కూడా మూడో ఇన్నింగ్స్ నుంచి వేళ్ళు విదిలించేవాడు, వాళ్ళ నాన్న ఫోన్లో ఉన్న పాత వీడియోల్లో ఆ సంగతి స్పష్టంగా కనపడింది, ఎవరూ పట్టించుకోలేదు. నవంబర్లో ఆపరేషన్ అయింది, ఇప్పుడు అరవై అడుగుల దూరం నుంచి మెల్లగా విసురుతున్నాడు, వారానికి మూడుసార్లు, ఒక్కోసారి ఇరవై అయిదు బాల్స్. పిచర్ పేరు చెప్పి ఆ మూడు మ్యాచ్‌ల అంకెలు ఇక్కడే రాయి తమ్ముడూ, ఆదివారం నాకు సెలవు, కూర్చుని చూసి చెప్తా.